ఆదివారం హాజరు

నేను ఒక టీవీ డిష్‌ని. కాకినాడలో ఒక అపార్ట్‌మెంటు మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన, పిట్టగోడకి బోల్టులతో బిగించి ఉన్నాను. అంచులు తుప్పు పట్టాయి. కాకులు చేసిన అలంకారం కూడా కొంత ఉంది. నన్ను చూసి ఎవరూ గొప్పదాన్నని అనుకోరు, నేనూ అనుకోను.

పుట్టింది ఫ్యాక్టరీలో. ఇనప రేకుని అచ్చులో పెట్టి ఒక్క నొక్కు నొక్కితే నాకీ వంపు వచ్చింది. మొదట ఈ అపార్ట్‌మెంటులోనే ఒక కుటుంబం నన్ను తెచ్చుకుంది. ఏళ్ల తరబడి అత్తాకోడళ్ల గొడవలు ఆకాశం నుంచి దింపి వాళ్లింట్లో పోశాను. సొంత గొడవలు చాలవా అని అడగాలనిపించేది కాని, అడగడానికి నాకు నోరెక్కడిది? తర్వాత ఇంటర్నెట్ తీగ వచ్చింది. నన్ను విప్పేసి ట్యాంకు వెనక పడేశారు. ఒక వేసవిలో నామీద వడియాలు ఎండబెట్టారు. అది అవమానమే అయినా, ఎవరికో పనికొస్తున్నానన్న తృప్తి ఉండేది.

అక్కడ నన్ను చూసి ఆగిన మనిషి కృత్తివాసం గారు. కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకి హామ్ రేడియో పిచ్చి. అంటే ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని, సొంతంగా అమర్చుకున్న యంత్రంతో, ఊళ్లూ దేశాలూ దాటి తనలాంటి పిచ్చివాళ్లతోనే మాట్లాడుకోవడం. తుపానొచ్చి ఫోన్లు చచ్చిపోయినప్పుడు ఈ పిచ్చివాళ్లే ఊరికి దిక్కయ్యేవారు. మామూలు రోజుల్లో మాత్రం "మీ దగ్గర ఎండగా ఉందా, మబ్బుగా ఉందా" అని ఒకరినొకరు అడుగుతుండేవారు.

సొంతింట్లో ఉన్నప్పుడు పెరట్లో ఆయనకి కొబ్బరిచెట్టంత స్తంభం ఉండేదట. మోకాళ్లు పనిచేయక ఆ ఇల్లు అమ్మి లిఫ్టున్న ఫ్లాటుకి మారారు. ఇక్కడ స్తంభం వేస్తానంటే అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోలేదు. "పిడుగు పడితే ఎవరు జవాబుదారీ మాస్టారూ?" అన్నాడు సెక్రటరీ సత్యప్రసాద్. దాంతో ఆయన గొంతు మూతపడింది. ఆదివారం ఉదయాల్లో తెలుగువాళ్లంతా రేడియోలో చేరి హాజరు పిలుచుకునే సభ ఒకటుండేది. దానికీ దూరమయ్యారు. కనీసం ఫోన్ చేసి చెప్పుకోవడానికి కూడా అభిమానం అడ్డొచ్చింది. గాలిలో పరిచయమైన మనిషి ఫోన్ పట్టుకుని గాలి పోయిందని ఎలా చెప్పుకుంటాడు?

అలాంటి రోజుల్లో ఆయనకి ఉపగ్రహం సంగతి తెలిసింది. హామ్‌లకి చిన్న ఉపగ్రహాలు ఎప్పటినుంచో ఉన్నాయి. కాని అవి స్టేషన్లో ఆగని ఎక్స్‌ప్రెస్‌లు. కుశలప్రశ్నలు పూర్తయ్యేలోపే ఆకాశం అంచు దాటిపోతాయి. భూమితోపాటే తిరుగుతూ ఒకేచోట నిలబడినట్టుండే ఉపగ్రహం మనకీ ఉంటే ఎంత బాగుండునని అందరూ అనుకునేవారు. ఒకప్పుడు క్లబ్బు మీటింగులో ఆ మాట వస్తే కృత్తివాసం గారే లేచి, "ముప్ఫయ్యారు వేల కిలోమీటర్ల ఎత్తు. మన చేతిలో ఉన్న నాలుగు వాట్లు అక్కడిదాకా పోతాయా? పంపే ఖర్చు ఎవడు పెడతాడు? అయ్యే పని కాదు, టీ తాగండి" అని తేల్చేశారట. తీరా ఒక అరబ్బు దేశం తన టీవీ ఉపగ్రహంలోనే హామ్‌లకి కాస్త చోటిచ్చింది. వినడానికి పాత టీవీ డిష్ చాలునన్నారు. మేడ మీద డిష్ ఉంటే ఏ సెక్రటరీ కాదంటాడు?

వడియాల పిండి కడిగి నన్ను బిగించారు. నా మూతి దగ్గర, అంటే కమ్మీ చివర సిగ్నల్ పట్టే బుడిపె దగ్గర, రాగితీగ చుట్ట ఒకటి కొత్తగా పెట్టారు, మాట పైకి పంపడానికి. ఆ ఉపగ్రహం మనకి పడమటి దిక్కున, బాగా కిందుగా ఉంటుంది. కృత్తివాసం గారు లెక్క వేసుకుని నన్ను అంత మేరా వెనక్కి వాల్చారు. వారం గడిచినా గరగర తప్ప ఏమీ వినబడలేదు. నా సంగతి ఆయన మర్చిపోయారు. నా మూతి మధ్యలో ఉండదు, కిందికి ఉంటుంది. అందుకని నేను నిటారుగా నిలబడ్డా నా చూపు పైకే ఉంటుంది. వాల్చితే ఇంకా పైకి పోతుంది. అక్కడెవరున్నారు? మనుషులంతా ఎదుటివాడి ముఖం ఎటుంటే చూపూ అటే అనుకుంటారు. ఆ తప్పు తట్టిన రోజు ఆయన తల కొట్టుకుని, నన్ను గోడకి తగిలించిన పళ్లెంలా నిలబెట్టారు.

"మాస్టారూ, తిన్నగా ఎదుటి మేడకేసి చూస్తోంది. సినిమాలు రావు" అన్నాడు సత్యప్రసాద్.

"నాకు సినిమాలొద్దులెండి" అన్నారు ఆయన.

ఆ ఆదివారం ఉదయం నాలో మాటలు పడ్డాయి. స్వచ్ఛమైన తెలుగు మాటలు. సభ అంతకుముందే ఈ ఉపగ్రహం మీదికి మారిందన్నమాట. హాజరు పిలుస్తున్నది ఖరగ్‌పూర్ జగ్గారావు, రైల్వేలో పనిచేసిన శ్రీకాకుళం మనిషి. కృత్తివాసం గారికి ముప్ఫయ్యేళ్ల స్నేహితుడు, ముఖం మాత్రం ఎన్నడూ చూసింది లేదు. కృత్తివాసం గారు మైకు నొక్కి తన కాల్ సైన్, అంటే లైసెన్సుతోపాటు ఇచ్చిన గుర్తింపు పేరు, చెప్పారు. మాట అంత ఎత్తుకీ వెళ్లి, రెప్పపాటులో తిరిగొచ్చి ఆయన చెవిలోనే పడింది. ఇన్నేళ్లకి తన గొంతు తనకే ఆకాశం నుంచి వినబడేసరికి ఆయన కళ్లు తుడుచుకున్నారు.

అటువైపు ఎవరూ పలకలేదు. మళ్లీ చెప్పారు.

"ఎవుడ్రా నువ్వు?" అంది జగ్గారావు గొంతు. "సచ్చిపోయినోడి కాల్ సైనెట్టుకుని ఆటలాడతన్నావా? సిగ్గు నేదా?"

హామ్‌లలో ఒకరు పోతే 'సైలెంట్ కీ' అంటారు. హాజరులో చివరిసారి ఆ పేరు పిలిచి, అందరూ ఒక నిమిషం మైకు ముట్టకుండా ఉంటారు. పిలిచి పిలిచి పలక్కపోయేసరికి కృత్తివాసం గారికీ ఆ మర్యాద జరిపించేశారు. ఆయన పేరు కొట్టేశారు. పైగా పళ్లు కట్టించుకున్నాక ఆయన గొంతూ మారిపోయింది.

"నేనేరా జగ్గూ, బతికే ఉన్నాను!"

"ఆ మాట ఎవుడైనా అంతాడు."

పక్కనే కాఫీ గ్లాసుతో నిలబడిన హైమవతి గారు, "బతికున్నట్టు సర్టిఫికెట్టు పెన్షనాఫీసుకి ఇస్తారుగా, వాళ్లకీ ఒకటి పంపండి" అన్నారు. ఈ సరదాని జీవితమంతా వెక్కిరించిన భార్య ఆవిడ. ఆయన నవ్వలేదు. ఉన్న నలుగురు స్నేహితులకీ తను చచ్చినవాడైపోతే ఇంక ఈ డిష్ ఎందుకు, ఈ పాట్లెందుకు? మైకు పక్కన పెట్టి, టెలిగ్రాఫు మీట లాంటి పాత మోర్స్ కీ ముందుకి లాక్కున్నారు. చుక్కలూ గీతలూ కొట్టడంలో ఎవరి చెయ్యి వారిది, చేతిరాత లాగే. ఈయనకి ప్రతి మాటలో చివరి గీతని సాగదీసే అలవాటు. సభ అంతా దానికోసం ఏడిపించేవారట.

తన పేరు కొట్టారు. ఇంకేమీ కొట్టలేదు.

చాలాసేపటికి జగ్గారావు మాట వచ్చింది. అది మాటా కాదు, ఏడుపూ కాదు. "ఒరే కుర్తివాసం... నీకోసం నిమిషం సేపు నోరు మూసుకుని కూకున్నాన్రా. నా నిమిషం నాకిచ్చెయ్యి!"

ఆ పూట వాళ్లు మాట్లాడుతూనే ఉన్నారు. ఉపగ్రహం ఎక్కడికీ పోదు కదా. హైమవతి గారు భోజనానికి రెండుసార్లు పిలిచి విసిగిపోయారు. వదిలే ముందు జగ్గారావు, "నీ ఫోన్ నంబరొకటి ఇచ్చి సావరా" అన్నాడు.

"ఆ ఉపగ్రహం కదలదు, నేనూ కదలను. నంబరెందుకు?" అన్నారు కృత్తివాసం గారు.

మూడు వర్షాకాలాలు అలాగే హాయిగా నడిచాయి. నా బతుకులో మంచి రోజులంటే అవే. నాలుగో వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం కునుకు తీసిన కృత్తివాసం గారు మళ్లీ లేవలేదు.

ఆ తర్వాతి ఆదివారం జగ్గారావు హాజరు పిలిచాడు. పలుకు లేదు. ఎవరో, "పోయారేమో గురూగారూ" అన్నారు. "నోర్ముయ్. పలక్కపోతే పోయినట్టేటి? ఒకపాలి తొందరపడి బతికున్నోడిని సంపేసినాం. వొచ్చేవారం మళ్లీ పిలుద్దాం" అన్నాడు జగ్గారావు. పిలిచాడు. ఆ పై వారమూ పిలిచాడు. ఆయన పేరు పిలిచాక మిగతా పేర్లకన్నా కొంచెం ఎక్కువసేపు ఆగుతాడు.

మొన్న సత్యప్రసాద్ హైమవతి గారి దగ్గరికి వచ్చాడు. "అమ్మా, మేడ మీద డిష్ తీయించేద్దామా? మీకేం ఉపయోగం?"

"ఉండనివ్వండి బాబూ. ఆదివారం పొద్దున్న నేను వింటాను. మాట్లాడ్డానికి లైసెన్సు కావాలి కాని, వినడానికి అక్కర్లేదుట."

"ఏం వింటారండీ?"

"ఆయన్ని పిలుస్తారు."

సత్యప్రసాద్ నెమ్మదిగా, "పాపం, వాళ్లకి సంగతి తెలిసినట్టు లేదు. ఒక కార్డు ముక్క రాసి పడెయ్యకపోయారా అమ్మా?" అన్నాడు.

"రాసేస్తే పిలవడం మానేస్తారు బాబూ" అన్నారు హైమవతి గారు.