ఆఖరి చుక్క దాకా

బండి కిందికి బేసిన్ జరిపి, కుళ్ళాయమ్మ నేలమీద ఒక పక్కకు ఒరిగి పడుకుంది. కాసేపు నడిపి ఆపిన ఇంజను వేడి ముఖానికి తగులుతోంది. స్పానరును ఆయిలు బోల్టుకు తగిలించింది.

"మెల్లగ తిప్పు. బోల్టు మర చెడితే అంతా పాడు," అన్నాడు అరుగు మీద కూర్చున్న రంగప్ప.

షుగరుతో అతని చూపు పోయి ఏడాది దాటింది. అంతకుముందు ఈ ఎక్సెల్ బండి మీదే చీరల మూట కట్టుకుని పెనుకొండ, హిందూపురం, మడకశిర తిరిగేవాడు. అన్నం తింటూ ఏ షాపులో ఎవరేమన్నారో చెబుతుంటే, పట్టుదారం చుడుతూ వినడమే భార్యగా ఆమె చూసిన లోకం. దారం కోసి కోసి ఆమె వేళ్ళ మీద సన్నని గీతలు మిగిలాయి.

ఇక బండి ఎందుకని, సోమందేపల్లి శివప్రసాద్‌కు అమ్ముతానని రంగప్ప మాటిచ్చాడు. అతను ఈరోజే వస్తున్నాడు. "ఆయిలు నేనే మార్చి, బండి నేనే తోలితే అమ్మకూడదు" అని కుళ్ళాయమ్మ పందెం కట్టింది. రైల్వే గ్రౌండులో పక్కింటి వాణి బండి తోలడం నేర్పించిన ధైర్యం అది.

బోల్టు ఊడింది. నల్లటి ఆయిలు బేసిన్‌లోకి దూకింది.

"వస్తాండాది! వస్తాండాది!"

ధార సన్నబడి, చుక్కలై ఆగింది.

"అయిపాయ. బోల్టు బిగిస్తా."

"ఉండు. అడుగున మడ్డి ఉంటాది. పాతది మిగిలితే కొత్తది పోసినా దండగ. పక్కకు వంచు."

బండి బరువంతా తుంటికి ఆనించుకుని వంచింది. మళ్ళీ ధార. ఇంజను అంటుకోకుండా తాళంచెవి తీసేసి కిక్కు కొట్టింది. గుటక గుటకగా ఇంకొంచెం పడింది.

"ఇప్పుడు?"

"ఇంగా ఉండాది."

"నీవి పాముచెవులప్పా!" అని నవ్వింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. చివరి చుక్క పడింది. తర్వాత చప్పుడు లేదు.

బోల్టు వేళ్ళతోనే ఎక్కించి, స్పానరుతో బిగించి, కొత్త ఆయిలు పోసి, తాళంచెవి పెట్టింది. కిక్కు కొట్టింది. పలకలేదు. ఇంకోసారి. పలకలేదు.

రంగప్ప అరుగు దిగి, తడుముకుంటూ వచ్చి ఇంజను మీద అరచేయి ఆనించాడు. "చోక్ లాగు మే."

ఈసారి బండి గర్జించింది. రంగప్ప తొడ చరిచి నవ్వాడు. ఏడాదిగా ఆమె వినని నవ్వు.

అప్పుడే శివప్రసాద్ వచ్చాడు. "అన్నా, బండి తయారుగా ఉండాదే!"

"ఏమనుకోవద్దబ్బా, అమ్మడంల్యా. మా డ్రైవరు ఒప్పుకోల్యా."

అతని ముఖం చిన్నబోయింది. కానీ కుళ్ళాయమ్మ బుగ్గల మీది మసి చూసేసరికి నవ్వాపుకోలేకపోయాడు. జేబులోంచి నిమ్మకాయ తీశాడు. "నాకని తెచ్చుకుంటి. నువ్వే తొక్కించు వదినా."

ముందు చక్రం కింద దాన్ని పెట్టి అతను వెళ్ళిపోయాడు. కుళ్ళాయమ్మ చేతులు కడుక్కుంది. గోళ్ళలో నలుపు పోలేదు. చీరల మూట ముందు పెట్టుకుంది. రంగప్ప మొదటిసారి వెనక సీటెక్కి ఆమె భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"యాడికి పోతాండాం?"

"పెనుకొండకు. నువ్వు చెప్పిన షాపులన్నీ నేనూ చూడాల."

బండి ఒక్క కుదుపుతో కదిలింది. సందు మలుపు తిరిగాక చప్పుడు మెల్లగా దూరమైంది.

వాకిట్లో నలిగిన నిమ్మకాయ నుంచి రసం మట్టిలోకి ఇంకుతోంది.