గోడ మీది కెటిల్

గుండయ్య, ఖయ్యూం లాడ్ బజార్‌లో ఒకే కుంపటికి చెరోవైపు కూర్చుని లక్క గాజులు చేస్తారు. జల్‌పల్లిలో ఇద్దరి ఇళ్లకూ మధ్య ఒకటే గోడ. బండి నిలిపే దగ్గర లొల్లి అయి, ఇద్దరూ కలిసి ఒకణ్ణి తోశారు. వాడి చెయ్యి విరిగింది. ఇద్దరికీ అదే మొదటి కేసు. నేరం రుజువైందన్న కోర్టు, శిక్ష వేసేముందు వీళ్ల ఇళ్లూ నడతా చూసి రమ్మని ఒక అధికారిని పంపింది. అతను మంచిగా రాస్తే జైలు తప్పుతుందన్నాడు వకీలు.

అధికారి ముందు గుండయ్య ఇంటికి వచ్చాడు. ఇంట్లో పాలు లేవు. గుండయ్య భార్య లీలమ్మ గోడ దగ్గరికి పోయి సైగ చేసింది. ఖయ్యూం భార్య అన్వరీ బేగం నిండు కెటిల్ అందించింది.

"మస్తుగుందమ్మా చాయ్! మర్యాద తెలిసిన ఇల్లు," అన్నాడు అధికారి.

"గా చాయ్ మాది కాదు సార్. పక్కింటి ఖయ్యూం వాళ్లది," అన్నాడు గుండయ్య.

అధికారి నవ్వాడు. "పక్కోని గురించి గూడ మంచిగనే చెప్తున్నవ్. నీ మనసు మంచిదయ్యా."

తర్వాత అధికారి ఖయ్యూం ఇంటికి పోయి గడప బయటే నిలబడ్డాడు. గుండయ్యకు గోడ ఇవతలికి అన్నీ వినబడుతున్నాయి.

"అందర్ ఆయియే సాబ్, చాయ్ తాగుండ్రి," అంది అన్వరీ.

"ఇప్పుడే తాగిన. ఏం ఖయ్యూం, నీ దోస్తులెవరు?"

"గుండయ్య, సాబ్."

"గాయన సరే. ఇంకెవరున్నరో చెప్పు."

కోర్టులో రిపోర్టు చదివారు. గుండయ్యది మంచి కుటుంబం, మంచి ఇరుగుపొరుగు. మంచి నడత మీద వదిలేశారు. ఖయ్యూం ఉండే గల్లీ మంచిది కాదు, సావాసాలు అనుమానం. రెండేళ్లు.

పోలీసులు తీసుకుపోతుంటే ఖయ్యూం వెనక్కి తిరిగాడు. "నా దిక్కు గూడ నువ్వే కూసో భాయ్. కుంపటి ఆరనియ్యకు."

ఆ సాయంత్రం లీలమ్మ, అప్పటినుంచీ తమ ఇంట్లోనే ఉండిపోయిన కెటిల్ తోమింది. వట్టిది తిరిగి ఇవ్వడం ఆమెకు అలవాటు లేదు. చక్కెర పోసి మొగుడి చేతికిచ్చింది. గుండయ్య చాలాసేపు గోడ దగ్గరే నిలబడ్డాడు. చివరికి అన్వరీయే అటువైపు నుంచి గోడ దగ్గరికి వచ్చింది.

"గా దినం చాయ్ మంచిగ లేకుండెనా, అన్నా?"

"మస్తుగుందన్నడమ్మా."

ఆమె చెయ్యి చాపలేదు. గుండయ్య కెటిల్‌ను గోడ మీద పెట్టాడు.