కందగడ్డల గుంట

మా ఆయన ఆగయ్యకు ఒక ఆలోచన తలకెక్కిందంటే దేవుడు దిగివచ్చి చెప్పినా వినడు. ఈసారి ఎక్కింది గుంట.

పరాయి రాష్ట్రంలో, కిమ్ అనే ఊళ్లో ఒక నూలు గోదాం వెనక మాది రేకుల ఇల్లు. సిరిసిల్ల నుంచి వలస వచ్చి పనిచేసిన లింబాయత్‌లో మరమగ్గాల మోత ఓర్చుకునే వయసు దాటాక ఆయన ఇక్కడ కాపలా పనికి కుదిరాడు. వెనక ఖాళీ జాగాలో నేను కందగడ్డలు పెట్టాను. నిరుడు పంట విరగకాసింది. కాసి ఏం లాభం? రేకుల వేడికి సగం మొలకలెత్తాయి, సగం కుళ్లిపోయాయి. వాటిని పారబోస్తూ ఏడ్చాను. ఈసారీ పాడైతే ఇక ఆ మట్టి ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. అసలే మోకాళ్లు అరిగిపోయాయి, కింద కూర్చుంటే లేవలేను. ఆ మడి లేకపోతే పొద్దంతా ఈ రేకుల కింద ఎట్లా గడపాలో నాకే తెలియదు. అయినా ఒట్టంటే ఒట్టే.

దానికి ఆయన జవాబు గుంట. నేల లోపల చల్లగా ఉంటుందట. గడ్డలను ఇసుకలో పేర్చి పైన చెక్క మూత వేస్తే వానలు పడేదాకా నిలుస్తాయట. ఫ్రిజ్ అక్కర్లేదట.

"గుంట లోపలికి ఎవరు దిగుతరు? నేనా?" అని అడిగాను.

"జర ఆగు" అన్నాడు. పెళ్లయిన నాటి నుంచి ఆయన నోట నేను ఎక్కువగా విన్న మాట అదే.

ఆ సాయంత్రం నా మోకాళ్లకు నూనె రాస్తానని వచ్చి కూర్చున్నాడు. ఎన్నడూ లేనిది ఇదేమి ప్రేమ అనుకునేలోగా, మోకాలి నుంచి మడమ దాకా నూలుపోగు పట్టి కొలిచాడు.

"ఏందయ్యా, నాకు పైజామ కుట్టిస్తవా?"

ఆయన పోగుకు ముడి వేసి జేబులో పెట్టుకున్నాడు.

మరునాడు వసారాలో తవ్వడం మొదలుపెట్టాడు. తవ్వుతున్న కొద్దీ గుంట ఆకారం తేలసాగింది. ఒక పక్క కూర్చునే గట్టు, దాని ముందు కాళ్లు వేలాడేసేంత లోతు. సిరిసిల్లలో మా ఇంట్లో ఉన్న గుంట మగ్గం అచ్చం ఇట్లాగే ఉండేది. పక్కింటి కరుణ తొంగిచూసి, "పెద్దమ్మా, పెద్దబాపు ఈడ మగ్గం పెడుతున్నడా ఏంది?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ముసలితనంలో మతి తప్పుతోందేమోనని భయం వేసింది.

గడ్డలు తవ్విన రోజు పిలిచాడు.

"రా, ఈడ కూసో."

"కూసుంటె లేవరాదు నాకు."

"మీదికి చూడు."

దూలానికి తాడు, తాడు చివర చెక్కపిడి. లేచేటప్పుడు పట్టుకోవడానికట. గొణుక్కుంటూనే గట్టు మీద కూర్చుని కాళ్లు లోపలికి వదిలాను. మడమలు సరిగ్గా అడుక్కు ఆనాయి. మోకాళ్లు కిమ్మనలేదు. రెండు పక్కలా ఇటుక గూళ్లు, వాటిలో ఇసుక, అన్నీ చేయి చాపితే అందేంత దూరంలో ఉన్నాయి. పాదాలకు చల్లగా తగిలింది.

"మగ్గం గుంటనే ఎందుకు తవ్వినవయ్యా?"

ఆయన నా వైపు చూడలేదు. "గుంటల కూసున్నోన్ని నేను. నా మోకాళ్లు ఇప్పటికీ మంచిగనే ఉన్నయి. నువ్వు పక్కన కింద కూసుండి నాకు నూలు కండెలు చుట్టి చుట్టి నీ మోకాళ్లు పోగొట్టుకున్నవు. అప్పుడు నాకు సమజ్ కాలే."

ఇన్నేళ్ల కాపురంలో ఆ మగ్గం గుంటలో నేను ఒక్కసారైనా కూర్చోలేదు. కూర్చోవాలని ఉండేదని ఎవరికీ చెప్పనూ లేదు. కళ్ల నిండా నీళ్లొచ్చాయి. ఈ మొండిమనిషి మీద ఇంత ప్రేమ ఎక్కడ దాచుకున్నానో, అంతా ఒక్కసారే పొంగుకొచ్చింది. తల వంచుకుని గడ్డలు ఇసుకలో పేర్చసాగాను.

ఆయన నేల మీద గొంతుక్కూర్చుని, మన్ను దులిపి ఒక్కొక్క గడ్డా అందిస్తున్నాడు. ఒకప్పుడు నేను కండెలు అందించింది అట్లాగే.

"వచ్చే ఏడు చామగడ్డ గూడ పెడుదాం" అన్నాను.

"ఒట్టు పెట్టుకున్నవు గదా?"

"జర ఆగు. ఒట్టు సంగతి తర్వాత చూద్దాం గని, ముందుగాల పోయి పీట తెచ్చుకొని కూసో. నీ మోకాళ్లు పోతయి."