రేకుల వెనక దగ్గు

నర్సమ్మకు దయ్యాల మీద నమ్మకం లేదు. టీబీ మందులు సంచిలో వేసుకుని సందుసందూ తిరిగే మనిషి, చావులు చూసి చూసి రాటుదేలిన మనిషి. అయినా ఆ రేకుల కంచె పక్కకు రాగానే పరుగు లంకించుకునేది.

కంచె వెనక మొన్నమొన్నటిదాకా వరసగా ఇరుకు గదులుండేవి. కాలువ గట్టు మీద ఇళ్లు కుదరవన్నారు. బుల్డోజర్లు తెచ్చి ఒక్క పూటలో నేలమట్టం చేశారు. ఊరు శుభ్రపడిందట! మనుషులేమైనా చెత్తా, ఊడ్చిపారేయడానికి? ఎవరెటు పోయారో ఎవరికీ పట్టలేదు. ఆస్పత్రి పెద్ద డాక్టరైతే, "వీధే లేనప్పుడు ఇంక రోగులెక్కడమ్మా?" అని చేతులు దులుపుకున్నాడు.

నర్సమ్మ మనసు మాత్రం మిషనమ్మ దగ్గరే ఆగిపోయింది. మూలగదిలో కుట్టుమిషను తొక్కుకుంటూ బతికేది మిషనమ్మ. మందు పడి అప్పుడప్పుడే ఒళ్లు చేస్తోంది. మధ్యలో ఆపితే రోగం తిరగబెడుతుంది, ప్రాణానికే ముప్పు. నర్సమ్మ తెలిసిన చోటల్లా వెతికింది. చివరికి పాలవాడు చల్లగా చెప్పాడు: "ఇంకెక్కడి మిషనమ్మ? వంతెన కింద పోయిందటగా."

ఆ రోజు నర్సమ్మ అన్నం ముట్టలేదు.

మర్నాటి నుంచే మొదలైంది. పొద్దున్నే కంచె పక్కగా వెళ్తుంటే, సరిగ్గా మూలగది ఉండే చోటు నుంచి దగ్గు వినపడింది. ఎంతమంది దగ్గుతున్నా అది మిషనమ్మదేనని చెప్పగలదు నర్సమ్మ. పై ప్రాణాలు పైనే పోయాయి. కొంగు నడుముకు చుట్టుకుని ఒకటే పరుగు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

"దయ్యాలు కూడా దగ్గుతాయటే? నీ డ్యూటీ పిచ్చి తగలెయ్య!" అని మొగుడు పడీపడీ నవ్వాడు.

ఒకనాడు దగ్గుతోపాటు మూలుగు కూడా వినిపించింది. నర్సమ్మకు తన భయం మీద తనకే ఒళ్లు మండింది. చస్తే చచ్చాను, చూసే పోతాను అనుకుని రేకు పక్కకు లాగి లోపల దూరింది.

ఇటుక ముక్కల మధ్య, తన గుమ్మం ఉండే చోట, మిషనమ్మ కూర్చుని ఉంది. బతికే ఉంది. ఎముకల గూడు. ఒళ్లో మాత్రల అట్టలు, ఒక్కటీ చించకుండా.

"ఓసి నీ దుంప తెగ! మందు దగ్గరుంచుకుని మింగవేమే?"

"నువ్వు చూడందే మింగొద్దన్నావుగా అక్కా," అంది మిషనమ్మ. "వేరే ఆస్పత్రికెళ్తే అడ్రసు లేకుండా కుదరదన్నారు. నాకు తెలిసిన అడ్రసు ఇదొక్కటే. అందుకే రోజూ ఇక్కడికే వస్తున్నా."

నర్సమ్మ తల పట్టుకుంది. అవును, తనే అంది. మాత్రలు పారేస్తారని అందరికీ అదే గట్టిగా చెప్పేది. కూల్చేసే హడావుడిలో అట్టలు చేతిలో కుక్కింది గానీ, ఇక నీ అంతట నువ్వే వేసుకో అని ఒక్క మాట చెప్పలేకపోయింది.

"మరి నన్ను పిలవొచ్చుగా తల్లీ! రోజూ పక్కనుంచేగా పోతున్నా!"

మిషనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. తీసేసరికి కొంగు ఎర్రగా తడిసి ఉంది.

"రోజూ పిలుస్తూనే ఉన్నానక్కా. నోరు తెరిస్తే మాట రావట్లేదు, దగ్గొస్తోంది. అది వినగానే నువ్వు పరిగెత్తిపోతున్నావు."