కప్పు లేని గుడి

"ఓలమ్మో, ఇంత అంచమ్మట తోలతన్నాడేటి మావా, బోల్తా కొడితే మనల్ని ఏరడానికి ఎవులొస్తారు?" అంటున్నాను నేను, ముందు సీటు ఇనప కమ్మీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని.

పక్కన కూర్చున్న మా ఆయన తవిటయ్య నవ్వుతాడు.

"బోల్తా కొడితే నీకే ఒలే నూకాలూ. నానెప్పుడో పోయినోణ్ణి, నాకేటి?"

అవును కదా అనుకుంటాను, ఆయన చెక్కపెట్టెలో ఇంటికొచ్చిన తర్వాత రెండు వానాకాలాలు వెళ్ళిపోయాయి, అయినా ఇప్పుడు కిటికీ పక్క సీటు నాకొదిలి తీరుబడిగా కూర్చున్నాడు, ఒంటి మీద ఓడలో వంట చేసేటప్పుడు వేసుకునే తెల్లచొక్కా ఉంది, జేబు దగ్గర పసుపు మరక ఉంది, ఆ మరక చూస్తుంటే ఆయన పోయాడన్న దుఃఖం కంటే దాన్ని ఇంకోసారి సబ్బుపెట్టి రుద్దలేదే అన్న బెంగే నాకు ఎక్కువవుతోంది.

బస్సు మా బారువలోనే ఎక్కినట్టు గుర్తు, లైట్‌హౌసు దాటింది, సరుగుడు తోటలు దాటింది, ఆ తర్వాత ఎక్కడ మలుపు తిరిగిందో గాని కొండలు బోడిగా, తెల్లగా అయిపోయాయి, కింద సముద్రం బట్టలకు పెట్టే నీలిమందు ఒలికినట్టు ఉంది, మన సముద్రం ఏనాడూ అలా ఉండదు. ఎక్కడికి వెళుతున్నామని నేను అడగడం లేదు. బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదు, వెనక నుంచి పిలవకూడదు, మా అమ్మ నేర్పిన ఈ రెండూ నేను ఒక్కనాడూ తప్పినదాన్ని కాదు.

ఆయనే చెబుతున్నాడు. "గ్రీసు. ఓడ ఆగిన రోజున మా ఓడ కుర్రోళ్ళందరూ వేనులో ఎల్లొచ్చీనారు సూడు, ఆ గుడికి. పొద్దున్నెల్లి సందేలకి తిరిగొచ్చీడమే."

"మరి నువ్వెల్లనేదు కదా మావా."

"ఎలాగెల్తాను? కళ్ళజోడు ఇంటికాడ ఉండిపోనాది. గుడ్డోడికి గుడేటి, గోడేటి."

బస్సు కుదుపుకి కమ్మీని ఇంకా గట్టిగా పట్టుకుంటాను. ఆ మాట ఆయన ఫోనులో కూడా ఇలాగే నవ్వుతూ అన్నాడు, ఇంటికొచ్చాక తీసుకుంటానులే, అందాకా పప్పులో రాళ్ళు కుర్రోళ్ళ చేత ఏరిస్తున్నాను అన్నాడు, ఇంటికి మాత్రం ప్రాణంతో రాలేదు. ఆఖరిసారి బయలుదేరిన పొద్దున్న నేను వంటింట్లోంచి చూస్తూనే ఉన్నాను, కళ్ళజోడు కిటికీలో ఉంది, ఆయన సంచీ భుజానేసుకుని వీధి మలుపు దగ్గర ఉన్నాడు, నా నోటిదాకా వచ్చింది పిలుపు, వెనక నుంచి పిలిస్తే ఏ కీడు మూడుతుందోనని పమిట కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన మలుపులో ఒక్కసారి ఆగి సంచీ ఇటు భుజం నుంచి అటు మార్చుకున్నాడు. గుర్తొచ్చిందేమో, తిరుగుతాడేమో అనుకున్నాను. తిరగలేదు. కీడు ఎలాగూ వచ్చింది, ఆయన ఆ గుడి కూడా చూడలేదు.

ఇప్పుడు బస్సు లేదు. కొండ మీద నిలబడి ఉన్నాం, గాలికి నా చీర కుచ్చిళ్ళు నిలవడం లేదు. ఎదురుగా స్తంభాలు.

"ఈ గుడికి కప్పులేదేటి? వానొస్తే దేవుడు తడిసిపోడూ?"

"దేవుడెప్పుడో ఎల్లిపోనాడే. సముద్రానికి దేవుడంట. ఓడలోళ్ళకి దూరం నుంచి ఈ స్తంభాలు అగుపిస్తే ఇల్లు చేరినట్టేనంట, దండం ఎట్టుకునీవోరంట."

"మన గంగమ్మలాగ."

"గంగమ్మలాగే. కాపోతే మొగోడు."

"మొగోడు గాబట్టే గుడొదిలీసి ఎల్లిపోనాడు," అంటాను, అనేసి నాలుక కరుచుకుంటాను, ఆయన మాత్రం కడుపు పట్టుకుని నవ్వుతాడు, ఆ నవ్వు విని ఎంతకాలమైందో, వింటుంటే నాకు ఏడుపొస్తోంది.

నవ్వు ఆగాక ఆయన కళ్ళు చికిలించి చూస్తున్నాడు. "ఎన్నున్నాయే? నాకు ఆనడం నేదు. పాలపొడి జల్లినట్టు తెల్లగా ఉంది, అంతే. నువ్వు సూసి సెప్పు."

నేను చెప్పబోతాను, లెక్క పెట్టే కొద్దీ అవి జరుగుతున్నాయి, కొన్ని మా పెంకుటింటి గుంజల్లాగ సన్నమైపోతున్నాయి, కొన్నింటి మీద పిల్లల బొగ్గు గీతలున్నాయి. "లెక్క తెగడం లేదు మావా. గీతలు గీతలుగా ఉన్నాయి, ముంజూరు నుంచి కారిన వాన నీళ్ళు గట్టిపడిపోయినట్టు. కొన్ని విరిగిపోయాయి. నిలబడినవి మాత్రం, పైన ఏటీ లేకపోయినా ఏదో మోస్తన్నట్టే నిలబడ్డాయి."

"నీలాగన్నమాట," అంటాడు ఆయన.

నాకు కోపం రావాలి, రాదు. అడగాల్సింది ఇప్పుడే అడగాలి, గాలి పెద్దదైతే ఈ మనిషి నిలవడు. "మావా, మన ఢిల్లీశ్వరి కూడా ఓడెక్కుతానంటంది. నీలాగే వంటకి. ఆ చదువే చదివింది, పేసింజర్ల ఓడలో ఉద్యోగం వచ్చింది. ఎల్లనా అమ్మా అని అడిగింది. నేను ఉలకలేదు, పలకలేదు. అది మళ్ళీ అడగలేదు. ఇంట్లో ఇద్దరం ఉండి గిన్నెల చప్పుడు తప్ప ఇంకోటి లేదు. ఇయాళే దాని బండి. పంపమంటావా, మానమంటావా?"

ఆయన కింద పడి ఉన్న రాతి ముక్కొకటి తీసి, అన్నం మెతుకు పట్టి చూసినట్టు వేళ్ళ మధ్య నలిపి, నాలుక మీద వేసుకుంటాడు. "ఉప్పు సరిపోయింది," అంటాడు.

"నిన్నే మావా. సముద్రం దాన్ని కూడా మింగీస్తే?"

"నన్ను సముద్రం మింగిందేటే? గుండాగిపోనాది. ఇంట్లో మంచమ్మీద తొంగున్నా ఆగిపోయీదే." వేళ్ళు చొక్కాకి తుడుచుకుంటాడు, సరిగ్గా ఆ మరక మీదే. "అయినా నన్నడుగుతావేటి? అది అడిగినాది నిన్ను."

అంత మాట అనేసి ఆయన నడుస్తున్నాడు, స్తంభాల మధ్య నుంచి, సముద్రం వైపు. రెండు స్తంభాల నడుమ మా వంటింటి కిటికీ ఉంది, కిటికీలో కళ్ళజోడు ఉంది, నేను తీసుకుంటాను, అద్దాల మీద ఉప్పు పేరుకుని ఉంది, పమిటతో తుడుస్తాను, ఇదిగో ఇచ్చేస్తే ఆయనకి అంతా ఆనుతుంది, ఎన్నున్నాయో తనే చూసుకుంటాడు, కానీ ఆయన వీపే కనబడుతోంది, వెనక నుంచి పిలవకూడదు, అంచు దగ్గర ఆగి సంచీ ఇటు భుజం నుంచి అటు మార్చుకుంటున్నాడు, పిలవాలి, నోరు తెరుస్తాను, నోట్లో పమిట కొంగు ఉంది, లాగుతున్న కొద్దీ కొంగు వస్తూనే ఉంది.

మెలకువ వచ్చేసరికి వంటింటి గుంజకి చేరబడి కూర్చున్నాను. తెల్లవారుజామునే లేచి దానికి పులిహోర కలిపి డబ్బాలో సర్ది, ఎప్పుడు కునుకు తీశానో తెలియదు. బాగా తెల్లారిపోయింది. గేటు తీసే ఉంది. నిద్రపోతున్న తల్లిని లేపకుండా పిల్ల బయలుదేరిపోయింది. కిటికీలో ఆయన కళ్ళజోడు ఎప్పటిలాగే ఉంది. దాని పక్కనే, నేను పెట్టినచోటే, పులిహోర డబ్బా.

వీధి మలుపు దగ్గర ఢిల్లీశ్వరి సంచీ భుజం మార్చుకుంటోంది.

"ఒలే ఢిల్లీ!"

అది అక్కడే బిగుసుకుపోయింది. చెప్పులు లేకుండా నేను వెళ్ళేదాకా వెనక్కి తిరగలేదు. తిరిగాక దాని ముఖంలో రక్తం లేదు.

"ఎనకనుంచి పిలిచీసినావేటమ్మా," అంది.

డబ్బా దాని చేతిలో పెట్టాను. డబ్బా మీద కళ్ళజోడు పెట్టాను. అది కళ్ళజోడుని చూసింది, నన్ను చూసింది, ఎల్లనా అని మళ్ళీ అడగలేదు. బస్టాండు వైపు ఆటో ఒకటి మా పక్క నుంచే వెళ్ళిపోయింది.

"ఎల్లు," అన్నాను. "ఎల్లి, గ్రీసులో ఓడాగితే, మీ నాన్న సూడనేని ఆ గుడి కొండెక్కు. స్తంభాలెన్నో లెక్కపెట్టొచ్చి నాకు సెప్పు."