ఎర్రగీత మీద ముల్లు

మీటర్లు బాగుచేసే ఆ కొట్టు తండ్రి పెట్టింది. ఆయన తర్వాత కూతురే నడుపుతోంది. పాత కార్ల స్పీడోమీటర్లు, పెట్రోలు మీటర్లు ఆమె చేతిలో పడితే చచ్చిన ముల్లు కూడా లేచి కూర్చుంటుందని పేరు. ఆ వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆమె మీటర్లక్క.

ఆ ఉదయం కొట్టు ముందు ఆగిన కారును చూసి ఆమె చేతిలో పని పక్కన పెట్టేసింది. అది అన్నయ్య కారు. అన్నయ్య పోయాక అది షెడ్డు దాటి రావడం అదే మొదటిసారి. నడుపుకుంటూ వచ్చింది వదిన.

ఆ కారును అన్నయ్య పెళ్లికి ముందే కొన్నాడు. "నాకంటే ముందు గడప తొక్కిన కోడలు" అని వదిన వేళాకోళం చేసేది. ఆ కారు అద్దాలు తుడిచినంత శ్రద్ధగా అతను తన కళ్లజోడు ఏనాడూ తుడుచుకోలేదు.

ఒక ఉదయం అతనికి గుండెనొప్పి వచ్చింది. వదినే కారు తీసి ఆసుపత్రికి బయల్దేరింది. దారిలో ఇంజను వేడిని చూపే ముల్లు ఎర్రగీతకు చేరింది. చల్లారనిద్దామని రోడ్డు పక్కన ఆపింది. మళ్లీ స్టార్టు చేసేలోపే అన్నయ్య ఒరిగిపోయాడు. ఇంట్లోవాళ్లకు తెలిసింది ఇంతే. అప్పటినుంచి అమ్మ కోడలితో మాటలు మానేసింది. మీటర్లక్క మానలేదు గాని, మాట్లాడిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న లోపల మెదిలేది. మనిషి పోతుంటే ముల్లు చూసుకుంటూ కూర్చుంటారా ఎవరైనా?

వదిన తాళాలు బల్ల మీద పెట్టింది. "ఆ రోజు ఇంజను నిజంగానే వేడెక్కిందా, మీటరు అబద్ధం చెప్పిందా, తేల్చి చెప్పు బుల్లీ."

"ఇప్పుడు తెలిస్తే ఏం లాభం వదినా?"

"లాభం కోసం కాదు. నా మొహం చూసి మెత్తగా చెప్పకు. ఏది ఉంటే అది చెప్పు."

మీటర్లక్క బానెట్ ఎత్తింది. వేడిని పసిగట్టే సెన్సారు వైరు పీకితే, డ్యాష్‌బోర్డులో ముల్లు కిందికి పడిపోయింది. వైరులో తప్పు లేదు. సెన్సారు విప్పి మరుగుతున్న నీళ్లలో పెట్టి చూసింది. దానికీ ఏ రోగమూ లేదు. కాసేపు ఆలోచించింది.

"ఆ రోజు పెట్రోలు ముల్లు ఎక్కడుందో గుర్తుందా?"

వదిన కళ్లు మూసుకుంది. "నిండా చూపించింది. సగానికి దిగిందని ముందురోజే మీ అన్నయ్య అన్నారు. ఎవరు పోయించారా అని ఒక్క క్షణం అనిపించింది. తర్వాత అదెక్కడ గుర్తుంటుంది?"

రెండు ముళ్లూ కలిసి ఎగబాకాయంటే తప్పు వాటిది కాదు, వాటికి కరెంటు పంపే చోటుది. మీటర్లక్క సీటు మీద వెల్లకిలా పడుకుని, తల డ్యాష్‌బోర్డు కిందికి దూర్చి టార్చి వేసింది. అగ్గిపెట్టెంత రేకు డబ్బా ఒకటి అక్కడుంది. దాన్ని స్టెబిలైజర్ అంటారు. బ్యాటరీ కరెంటును తగ్గించి మీటర్లకు అందించడం దాని పని. దాన్ని కారు ఒంటికి బిగించే స్క్రూ తుప్పుపట్టి వదులైంది. అక్కడ ఎర్త్ సరిగా తగలకపోతే కరెంటు తగ్గకుండానే వెళ్లి, ముళ్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి.

ఆమె దాన్ని బిగించలేదు. "ఇలాగే నడిపి చూద్దాం" అని, పొడుగు వైరున్న థర్మామీటరును రేడియేటర్ పైపుకు కట్టి, అంకెలు చూపే దాని డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఎటు పోవాలో ఆమె చెప్పలేదు. వదిన తనంతట తానే ఆసుపత్రి దారి పట్టింది. కూడలి దాటేసరికి ముల్లు ఎర్రగీతను తాకింది. వదిన కాలు యాక్సిలరేటర్ మీంచి లేచింది.

"ఆపకు వదినా. ఈ థర్మామీటరు మామూలు వేడే చూపిస్తోంది. పోనీ."

వదిన వేళ్లు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. కారు పోతూనే ఉంది. ఆవిరి లేదు, కాలిన వాసన లేదు. ఒక పొడుగాటి గిడ్డంగి గోడ పక్కగా వెళ్తుంటే "ఆ రోజు ఆగింది ఇక్కడే" అంది వదిన. అక్కడినుంచి ఆసుపత్రి గేటు పెద్ద దూరం లేదు. గేటు ముందు ఆపి ఇంజను కట్టేసింది.

"ఇంజనుకు ఏమీ కాలేదు" అంది మీటర్లక్క. "ఆ రోజూ ఇదే జరిగినట్టుంది. ఆగకుండా వచ్చేసి ఉండొచ్చు."

వదిన గేటు వైపు చూసింది. "ఆపమన్నది ఆయనే" అంది.

"అన్నయ్యా?"

"పక్క సీట్లోనే ఉన్నారు. చెయ్యి గుండె మీద, చూపు ముల్లు మీద. ఆపు, ఇంజను పట్టేస్తుంది అన్నారు. నేను పోనిస్తుంటే స్టీరింగు పట్టుకున్నారు. నడిరోడ్డు మీద ఇది చచ్చిపడితే అసలే చేరలేం, చల్లారనీ అన్నారు. ఈ కారు సంగతి నాకంటే ఆయనకే తెలుసు కదా. ఆపాను."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? కారు పిచ్చితో ప్రాణం పోగొట్టుకున్నాడని నలుగురూ నవ్వుకోవాలా? అత్తయ్య నన్ను తిట్టుకుంటే నాకు పోయేదేమీ లేదు. కొడుకుని తిట్టుకుంటూ ఆవిడ బతకలేదు." ముల్లు వైపు చూసింది. "ఆయన మాటే నిజమైతే బాగుండునని తెచ్చాను, బుల్లీ."

ఆగకుండా వచ్చి ఉంటే అన్నయ్య బతికేవాడో లేదో ఏ డాక్టరూ చెప్పలేడు. మీటర్లక్క తనకు తెలిసిందే చెప్పగలదు.

"అది పిచ్చి కాదు వదినా. ముల్లు అక్కడుంటే నేనైనా ఆపమనే చెప్పేదాన్ని. ఆసుపత్రికి చేరాలనే ఆపమన్నాడు."

అప్పుడు వదిన స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చింది. మీటర్లక్క ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

కొట్టుకు తిరిగొచ్చాక తుప్పు గీకి, కొత్త స్క్రూ బిగించింది. ముళ్లు రెండూ దిగి వాటి చోట్లలో నిలిచాయి. "అమ్మకు చెబుతాను" అంది.

"నీ ఇష్టం. నా ముందు మాత్రం చెప్పకు."

ఆ సాయంత్రం అమ్మ బట్టలు మడతపెడుతూ అంతా విన్నది. మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్లీ మడతపెట్టింది.

"స్టీరింగు పట్టుకున్నాడా?"

"ఊఁ."

"మీ నాన్నా అంతే. ఎవరు నడుపుతున్నా పక్కనుంచి చెయ్యి పెట్టేవారు." తువ్వాలు పక్కన పెట్టి లేచింది. "నన్ను కోడలి దగ్గరికి తీసుకెళ్లు."

తలుపు తీసిన వదిన అత్తగారిని చూసి నిలబడిపోయింది. అమ్మ గుమ్మం బయటే ఆగింది.

"నాకు చెప్పి ఉండాల్సింది."

"చెప్తే నమ్మేవారా అత్తయ్యా?"

అమ్మ తొందరపడలేదు. నిజంగానే ఆలోచించింది.

"నమ్మేదాన్ని కాదు" అంది.

వదిన పక్కకు జరిగి తలుపు పూర్తిగా తెరిచింది.