ఇటు, ఇటు, ఇటే!

గడ్డం మాస్టారికి గడ్డం లేదు. పొద్దున్నే నున్నగా గీసుకుని గానీ స్టూడియో తలుపు తియ్యడు. ముప్ఫయ్యేళ్ళుగా స్టూలు మీద కూర్చున్న ప్రతివాళ్ళనీ "గడ్డం కాస్త పైకి" అంటూ వచ్చాడు కాబట్టి ఆ పేరు పడింది. కొత్తగా వచ్చినవాళ్ళు గడ్డమున్న మనిషి కోసం అటూ ఇటూ చూసి, ఆయన్నే "మాస్టారు లేరా?" అని అడుగుతుంటారు. ఆయనకి ఒళ్ళు మండిపోతుంది.

పనిలో మాత్రం ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఫొటోలో నీడ పడకూడదంటే పడకూడదు, అంతే. కెమెరా కొన్న ప్రతివాళ్ళూ ఫొటోగ్రాఫర్లయిపోతున్నారని ఆయన బాధ. వాళ్ళు తెచ్చిన ఫొటోలు ప్రింటు వేశాక కింద నీడ కనబడితే, అడక్కుండానే ఆ ముక్క కత్తిరించి మరీ ఇచ్చేవాడు. పైగా అదో ఉపకారం అనుకునేవాడు.

ఓ మధ్యాహ్నం కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే అమ్మాయి స్టూడియోకి వచ్చింది. ఆమెని చూడగానే మాస్టారికి గుండె కలుక్కుమంది. రెండేళ్ళ కిందట వాళ్ళమ్మ ఉన్నట్టుండి పోయింది. అప్పుడు ఇల్లంతా వెతికినా ఆవిడ ఫొటో ఒక్కటీ దొరకలేదు. గుర్తింపు కార్డు మీదున్న గోరంత బొమ్మని మాస్టారే పెద్దది చేసిచ్చాడు. ఎంత పెద్దది చేస్తే అంత అలుక్కుపోయింది. అమ్మాయి దాన్ని చేతిలో పట్టుకుని, "మా అమ్మ ఇలా ఉండదు మాస్టారూ" అంది. ఆ మాట ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

"మా బుడ్డోడికి ఫొటో తియ్యాలి మాస్టారూ. ఇవాళే."

"బుడ్డోడా? నీకు పెళ్ళెప్పుడైందమ్మా, నాకో మాటైనా చెప్పకుండా?"

అమ్మాయి నవ్వబోయి మానేసింది. "మా కుక్కండీ. పద్నాలుగేళ్ళు వాడికి. క్యాన్సర్ ఒళ్ళంతా పాకిందట. ఇంక వాణ్ణి బాధపెట్టొద్దని, రేపు పొద్దున పదింటికి డాక్టరు ఇంటికే వచ్చి ఇంజెక్షన్ ఇస్తానన్నారు. అమ్మ విషయంలో చేసిన తప్పు మళ్ళీ చెయ్యలేను. వాడి మొహం కావాలి నాకు. కళ్ళు తెలియాలి."

మాస్టారు రెండు కెమెరాలు సంచిలో పెట్టుకుని బయల్దేరాడు.

వాళ్ళది బస్సు డిపో వెనక రెండు గదుల ఇల్లు. వెనకవైపు చిన్న సిమెంటు పెరడు. బట్టలారేసే తీగ కింద కుర్చీలో అమ్మాయి తండ్రి కూర్చున్నాడు. డిపోలో డ్రైవరు. ఆయన పాదాల దగ్గర పాత దుప్పటి మీద బుడ్డోడు. అరచేతిలో పట్టేటప్పుడు పెట్టిన పేరది. ఇప్పుడు దూడంత ఉన్నాడు. మూతి తెల్లబడింది, డొక్కలు లోపలికి పోయాయి. తోక మాత్రం కొత్త మనిషిని చూసి నేలమీద రెండుసార్లు టపటపా కొట్టుకుంది.

మాస్టారు వాడికి ఎదురుగా నిలబడి కెమెరా ఎత్తాడు. అలవాటుగా చిటికేసి, "ఇటు, ఇటు, ఇటే!" అన్నాడు.

బుడ్డోడు లేచాడు. ముందుకాళ్ళు లేచాయి గానీ వెనకకాళ్ళు రాలేదు. వణుకుతూ వాటినీ కూడదీసుకున్నాడు. గోళ్ళు సిమెంటు మీద గీరుకుంటూ ఉంటే నడిచొచ్చి, మాస్టారి ఎడమకాలి పక్కన చతికిలబడ్డాడు. అక్కణ్ణించి డ్రైవరు వైపు చూశాడు, ఫొటో తీసేది తనే అన్నట్టు.

డ్రైవరు వాణ్ణి రెండు చేతులమీదా ఎత్తి తీసుకెళ్ళి దుప్పటి మీద పడుకోబెట్టాడు. మాస్టారు మళ్ళీ "ఇటు, ఇటు, ఇటే!" అన్నాడు. వాడు మళ్ళీ లేచొచ్చాడు. మూడోసారికి నాలుక బయటపెట్టి రొప్పుతున్నాడు.

"కాస్త గట్టిగా పట్టుకోండి సార్, ఇలాగైతే రేపటికీ అవదు" అని మాస్టారు విసుక్కున్నాడు. రేపు అన్నాక నాలుక్కరుచుకున్నాడు.

డ్రైవరుకి కోపం రాలేదు. "వాడి తప్పు కాదండీ. ఆ మాట మా ఆవిడది. మీ దగ్గరే కెమెరా కొంది కదా, మాట కూడా మీ దగ్గరే పట్టుకొచ్చింది. ఆవిడ అలా అంటే చాలు, వీడు ఎక్కడున్నా పరిగెత్తుకెళ్ళి ఆవిడ ఎడం పక్కన కూర్చునేవాడు. మేమంతా ఫొటోలో, వాళ్ళిద్దరూ కెమెరా దగ్గర. అందుకే ఒక్కదాంట్లోనూ ఆవిడ లేదు, వీడూ లేడు."

అమ్మాయి ఆల్బమ్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నాలుగు పేజీలు తిప్పేసరికి మాస్టారికి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ప్రతి ఫొటోకీ కిందివైపు రెండు వేళ్ళ మేర తక్కువ. కత్తిరించింది తనే. కెమెరా అమ్మిన రోజున "సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకోవాలమ్మా" అని పాఠం చెప్పిందీ తనే. ఆవిడ చెప్పింది చెప్పినట్టు చేసింది. వీపు వెనక ఎండ ఉంటే నీడ ముందుకి పడదూ! ప్రతి ఫొటోలోనూ కింద రెండు నీడలుండేవి. మోచేతులు ఎత్తిన ఆడమనిషి ఒకటి, పక్కనే చెవులు నిక్కబొడుచుకున్న కుక్క ఒకటి. "ఎన్నాళ్ళకీ నేర్చుకోదేంటి ఈవిడ" అని సణుక్కుంటూ, ఏళ్ళ తరబడి వాళ్ళిద్దర్నీ కోసి చెత్తబుట్టలో వేశాడు.

ఆల్బమ్ మూసి పక్కన పెట్టాడు. ఒక కెమెరా అమ్మాయికి ఇచ్చాడు.

"నువ్వు వాడి పక్కనే నిలబడు. లేవాల్సిన పని లేకుండా. మీ నాన్నకి ఫొటో తీస్తున్నట్టు పట్టుకుని, ఆ మాట నువ్వు అను."

డ్రైవరు వాణ్ణి మళ్ళీ దుప్పటి మీదికి చేర్చాక, అమ్మాయి దాని అంచున నిలబడి కెమెరా ఎత్తింది. "ఇటు, ఇటు..." మూడోది గొంతులోనే ఆగిపోయింది.

ఆ రెండే చాలాయి వాడికి. మెడ సాచి, ఆమె మొహంలోకి చూస్తూ, గడ్డం పైకెత్తాడు. ముప్ఫయ్యేళ్ళలో మాస్టారు చెప్పకుండా ఎత్తిన గడ్డం అదొక్కటే. పక్కనుంచి రెండో కెమెరాతో తీశాడు. కళ్ళకి పొర కమ్మినా చూపు తెలుస్తోంది. అమ్మాయి కోరిందీ అదే.

ప్రింటు పొద్దున్నే తెస్తానని చెప్పి మాస్టారు గబగబా స్టూడియోకి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆవిడ ఎప్పటికప్పుడు కెమెరాలో కార్డు ఖాళీ చేసి వాడుకునేది. చెరిపేముందు అన్నీ ఆయన కంప్యూటర్లోకి ఎక్కించుకునేవాడు. ఎవరి ఫొటో పారేసే అలవాటు లేదాయనకి, నీడలు తప్ప. వెతగ్గా వెతగ్గా నలభై ఒక్కటి దొరికాయి. మొదటిదాంట్లో కుక్క నీడ చెప్పంత. చివరిదాంట్లో అది ఆవిడ నడుం దాకా ఉంది. అన్నీ ప్రింటు తీశాడు, కత్తెర జోలికి పోలేదు.

మర్నాడు తొమ్మిదిన్నరకి వెళ్ళి, బుడ్డోడి ఫొటోతో పాటు వాటినీ అమ్మాయి చేతిలో పెట్టాడు. "ఇవి కత్తిరించి పారేసింది నేనేనమ్మా. నా అతి తెలివి. క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు."

డ్రైవరు ఒక ఫొటో తీసుకుని వెలుతురులో పెట్టుకున్నాడు. "ఇదిగో మోచెయ్యి. కెమెరా పట్టుకుంటే ఎడం మోచెయ్యి ఇలా గాల్లోకి లేచేది. ఎగిరిపోతావే అనేవాణ్ణి." ఆ నీడ మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు.

అమ్మాయి మాస్టారి వైపు చూడకుండా ఒక్కో ఫొటో తిరగేసింది. ఆమెకి కోపం వచ్చిందని మాస్టారికి తెలుస్తూనే ఉంది. రావాల్సిందే అనుకున్నాడు. నలభై ఒక్కటీ చూశాక మొదటిదాన్ని మళ్ళీ పైకి తీసి, "మా అమ్మ ఇలాగే ఉంటుంది" అంది.

పదికి పది నిమిషాలుంది. "ఇంకొక్కటి తియ్యండి మాస్టారూ, ముగ్గురికీ" అని అడిగింది. బుడ్డోడు ఆ పొద్దుట తల ఎత్తలేదు. తండ్రీ కూతుళ్ళే వెళ్ళి వాడి చెరోపక్కా నేలమీద కూర్చున్నారు.

మాస్టారు ఎండ వీపుకి పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన నీడ దుప్పటి అంచు మీద పడింది. పడనిచ్చాడు. అలవాటుగా చిటికెయ్యడానికి వేళ్ళు లేచాయి. ముప్ఫయ్యేళ్ళ "ఇటు, ఇటు, ఇటే" నాలుక చివరిదాకా వచ్చింది.

ఆ మాట అంటే వాడు లేవాలని చూస్తాడు.

మాస్టారు చెయ్యి దించుకుని, ఏమీ అనకుండానే ఫొటో తీశాడు.